గింగమ్ గళ్ళ బట్ట: ఏది కొనాలి, ఎంత కొనాలి, ఎక్కడ చెడుతుంది

గింగమ్ అంటే తెలుపూ, ఇంకొక్క రంగూ కలిపి నేసిన సమాన గళ్ళ బట్ట. ముందే తేల్చి చెప్పేస్తున్నాం. నేతలోనే గళ్ళు పడ్డ అచ్చమైన నూలు బట్టే కొనండి. పైన ప్రింటు వేసిన గళ్ళు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. టేబుల్ క్లాత్, కర్టెన్లు, దిండు గలేబులకు 58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న మరమగ్గం బట్ట చాలు. ఒంటి మీదికైతే 60, 80 కౌంటు చేనేత గళ్ళకు సాటి లేదు (కౌంటు అంటే దారం సన్నదనాన్ని చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ దారం సన్నం). పాలిస్టర్ కలిసిన గింగమ్‌కు మా లెక్కలో ఒకే ఒక్క చోటుంది, అదేదో కింద చెప్తాం.

వసంతం రాగానే యూరప్, అమెరికా దుకాణాలు ఏటా గింగమ్‌తో నిండిపోతాయి. గౌన్లు, చొక్కాలు, టేబుల్ మీద గుడ్డలు, అన్నీ గళ్ళే. 18వ శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లులు ఈ గళ్ళను తానులకు తానులు నేశాయి. ఫ్రాన్సులో దీన్ని విషీ అంటారు, అది ఒక ఊరి పేరు. 1959లో ఫ్రెంచ్ సినిమా నటి బ్రిజిత్ బార్డో గులాబీ రంగు విషీ గౌనులో పెళ్ళి చేసుకున్నాక ఫ్యాషన్ పత్రికలు ఈ గళ్ళను మళ్ళీ వదల్లేదు. మనకు ఉగాది నాటికే ఎండ ముదురుతుంది కాబట్టి అక్కడ వసంతానికి వేసుకునే బట్ట ఇక్కడ వేసవి మొత్తానికీ పనికొస్తుంది. గళ్ళ నేత మన కోస్తాకు కొత్తదేం కాదు. చీరాల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో ఓడలెక్కి పడమటి ఆఫ్రికాకు వెళ్ళేవి. అవి గింగమ్ కాదు, నాలుగైదు రంగుల గళ్ళు. పనితనం మాత్రం ఆ కోవదే.

షాపులో గింగమ్ అంటే కొందరికి తెలియదు, 'చిన్న చెక్స్, ఒకటే రంగు' అని అడగండి. ఆన్‌లైన్‌లో దీనికి తిరగబడిన ఇబ్బంది. మద్రాసు చెక్స్, స్కాట్లాండు టార్టాన్, ఎరుపు నలుపు పెద్ద గళ్ళు, అన్నిటికీ గింగమ్ అనే పేరే తగిలిస్తున్నారు. అసలు గింగమ్‌లో తెలుపూ, ఇంకొక్క రంగూ ఉంటాయి. పడుగు (నిలువు దారాలు) లోనూ పేక (అడ్డ దారాలు) లోనూ రెండూ సమానమైన పట్టీలుగా వస్తాయి. రంగు మీద రంగు పడ్డచోట ముదురు గడి, తెలుపు మీద తెలుపు పడ్డచోట తెల్ల గడి, రంగూ తెలుపూ కలిసినచోట సగం ఛాయ గడి. మూడు ఛాయలు, రెండే రంగుల దారాలు. నాలుగో ఛాయ కనిపిస్తే అది వేరే బట్ట.

ఆ సగం ఛాయ గడి దగ్గరే అసలూ నకిలీ బయటపడతాయి. ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి తెచ్చి ఆ గడిని చూడండి. నేత గళ్ళయితే ఒక తెల్ల దారం, ఒక రంగు దారం పైకీ కిందికీ దాటుతూ నువ్వులు చల్లినట్టు చుక్కలుగా కనిపిస్తాయి. ప్రింటు అయితే ఆ గడంతా ఒకే చప్పటి లేత రంగు. బట్ట తిరగేస్తే నేతకు రెండు వైపులా ఒకటే ముదురు, ప్రింటుకు వెనక వైపు పాలిపోయి ఉంటుంది. ఇంకా అనుమానముంటే అంచు దగ్గర ఒక్క పడుగు దారం లాగి చూడండి. నేత గళ్ళలో ఆ పోగు మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగు, తెలుపైతే తెలుపు, నీలమైతే నీలం. ప్రింటు బట్టలో అదే పోగు గడి గడికీ రంగు మారుస్తుంది.

ప్రింటు మీద మాకున్న అసలు అభ్యంతరం వెలిసిపోవడం కాదు, వంకర. ప్రింటు వేసేటప్పుడు బట్ట కాస్త పక్కకు లాగబడితే గళ్ళు దారం వెంట రావు. షాపువాడు అర మీటరు చించి ఇచ్చినప్పుడు ఆ చిరుగు గళ్ళను ఐమూలగా కోసుకుంటూ పోతుంది. దర్జీ ముందు అప్పుడు రెండే దారులు. దారం ప్రకారం కోస్తే గళ్ళు వంకర, గళ్ళ ప్రకారం కోస్తే రెండు ఉతుకుల్లో గౌను ఒక పక్కకు మెలి తిరుగుతుంది. పూల ప్రింటులో ఈ లోపం ఎవరి కంటా పడదు. గళ్ళల్లో గది అవతల నుంచే పడుతుంది.

నేత గళ్ళు ఖరీదెందుకంటే మగ్గం మీద పని ఎక్కువ. చారల బట్టకు పడుగులో రంగు దారాలు ఒకసారి పేర్చుకుంటే చాలు, పేక దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్ళే నాడె ఒక్కటే. గళ్ళకు పేక కూడా రంగు మారాలి. చేనేతలో నేతగాడు లెక్క పెట్టుకుంటూ నాడె మార్చాలి. మామూలు ఒంటి నాడె మరమగ్గం మీద గళ్ళు నేయలేరు, నాడెలు మార్చే పెట్టె ఉన్న మగ్గమో, నాడె లేకుండా నేసే రేపియర్ మగ్గమో కావాలి. పావు అంగుళం గడిలో, అంగుళానికి 80 పేకలుంటే, ఇరవై తెలుపు, ఇరవై రంగు. లెక్కలో రెండు తప్పినా గడి పొడుగో పొట్టో అవుతుంది.

అది చూడ్డానికి టేపు అక్కర్లేదు. తాను అంచును అడ్డంగా కోసిన కొసతో కలిపి, మూల నుంచి త్రికోణంలా మడవండి. గళ్ళు నిజంగా చదరమైతే పై పొర గీతలు కింది పొర గీతల మీద కూర్చుంటాయి. మరమగ్గం బట్టలో ఇరవై గళ్ళు లెక్కబెట్టేసరికి పావు గడికి మించి జరిగితే పక్కన పెట్టేయండి. చేనేతలో అర గడి దాకా ఒప్పుకోవచ్చు, పేకను చేత్తో బిగిస్తారు కాబట్టి అక్కడక్కడా కొద్దిపాటి తేడా రావడం సహజం. నిజానికి అదొక గుర్తు కూడా. అంచున సన్నని సూది రంధ్రాలుంటే చేనేతే అని కొందరు అమ్మేవాళ్ళు అంటారు. మరమగ్గం బట్టకూ అలాంటి గుర్తులు పడతాయి, దాన్ని నమ్మొద్దు. చేనేతే అని చెప్పే, 2006లో వచ్చిన ప్రభుత్వ హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉందేమో చూడండి.

ఇక అందరూ దెబ్బతినేది కుంచించుకుపోవడం దగ్గర. మామూలుగా నేత బట్ట అడ్డం కంటే పొడుగులో ఎక్కువ కుదించుకుంటుంది, పడుగు దారాలు మగ్గం మీద బిగుతుగా సాగి ఉంటాయి కనుక. శాన్‌ఫొరైజ్ చేసిన, అంటే మిల్లులోనే ముందుగా కుదించిన బట్ట ఒక శాతం దగ్గర ఆగుతుంది. ఆ పని చేయని నూలు బట్ట పొడుగులో 5 నుంచి 8 శాతం దాకా పోవచ్చు. సాదా బట్టకైతే పొట్టి అవుతుందన్న బాధ ఒక్కటే. గళ్ళ బట్టకు రెండో బాధ కూడా ఉంది: చదరం కాస్తా అడ్డ గడి అయిపోతుంది. షాపులో త్రికోణం మడిచినప్పుడు కుదిరిన గళ్ళు ఉతికాక కుదరవు. చేతులకో జేబుకో క్రాస్‌గా (ఐమూలగా) కోసిన ముక్కల్లో గళ్ళు వజ్రాకారంలో నిలబడకుండా ఒరుగుతాయి. అందుకని మొత్తం కొనేముందు పావు మీటరు తీసుకెళ్ళండి. పొడుగున పట్టినన్ని గళ్ళు, అడ్డాన అన్నే గళ్ళు దారంతో గుర్తు పెట్టి కొలిచి, వేడి నీళ్ళలో గంటసేపు నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలవండి. రెండు దిక్కుల తేడా 2 శాతం లోపుంటే మంచి బట్ట. 3 దాటితే కర్టెన్‌కు సరే, చొక్కాకు వద్దు.

కౌంటు సంగతి. చొక్కాలకు, గౌన్లకు 40 నుంచి 60. పసిపిల్లలకు, జాకెట్లకు 60 నుంచి 80. మంగళగిరి గుంట మగ్గాల మీద 80 కౌంటు నేత మామూలే, గళ్ళ తానులు కూడా దొరుకుతాయి. అయితే తెలుపు, ఒకే రంగు, సమాన గడి అని గట్టిగా చెప్పి అడగాలి, లేకపోతే జరీ అంచుదో రెండు రంగుల గళ్ళదో ముందు పరుస్తారు. టేబుల్ మీదికి, దిండ్లకు 20 కౌంటు లేదా రెండు పేటల 40. కొనేముందు బట్టను రెండు అరచేతుల మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలిందంటే బరువంతా గంజిదే. ఒక్క ఉతుకుతో జల్లెడలా మిగులుతుంది, కుట్టు దగ్గర దారాలు జరుగుతాయి.

రంగులో ఎరుపుకూ నలుపుకూ మార్కులు తక్కువ. గింగమ్‌లో తెల్ల గళ్ళు పావు వంతే అయినా కంటికి ఆనేది అదే. ఎరుపు కారితే తెల్ల గళ్ళు గులాబీ అవుతాయి, నలుపు కారితే బూడిద. నీలం కారినా తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది కాబట్టి దాని తప్పు అది దాచుకుంటుంది. తడి చేసిన తెల్ల రుమాలుతో ముదురు గడిని పదిసార్లు రుద్దండి, లేతగా అంటితే మొదటి రెండు ఉతుకులు విడిగా వేస్తే సరి. చారలా అంటితే ఆ తాను వద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంటింటా అంటారు. అది అద్దకం తొట్టిలో మాట. ఉప్పు రంగును దారం దగ్గరికి తోస్తుంది, పట్టించేది క్షారం. కుట్టిన గౌను బకెట్‌లో గుప్పెడు ఉప్పు వేస్తే ఏమీ నిలవదు. అంటని మిగులు రంగు పోవాలి కాబట్టి నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి, తడిగా ముద్ద చేసి వదిలేయకండి. తెల్ల గళ్ళకు రంగు అంటేది ఎక్కువగా బకెట్‌లో కాదు, పిండి కుప్పగా పెట్టిన ఆ అరగంటలోనే.

గడి సైజు దగ్గర మా అభిరుచి కొంచెం గట్టిది. అర పావు అంగుళం (అంగుళంలో ఎనిమిదో వంతు) గడి దూరం నుంచి సాదా లేత రంగులా కనిపిస్తుంది. ఆఫీసు చొక్కాకు, చీర మీద జాకెట్టుకు అదే. ఫోటోల్లో, వీడియో కాల్‌లో మాత్రం ఈ సన్న గళ్ళు అలలు అలలుగా కదులుతాయి, కెమెరా గీతలకూ బట్ట గీతలకూ పొత్తు కుదరక. పావు అంగుళం నీలం గళ్ళతో చొక్కా కుట్టించుకుంటే మన ఊళ్ళో బడి యూనిఫారమే. ఆకుపచ్చో పసుపో తీసుకోండి, లేదా అర అంగుళానికి వెళ్ళండి. అర అంగుళం పిల్లల గౌన్లకు, దిండ్లకు బాగా నప్పుతుంది. అంగుళం గడి టేబుల్‌కు, కర్టెన్‌కు. అంగుళం గడి చొక్కా వేసుకుంటే మనిషి కంటే ముందు గళ్ళు నడిచొస్తాయి.

కుట్టు కూలి విషయంలో బేరం ఆడకండి, ఇక్కడ పని నిజంగానే ఎక్కువ. 58 పన్నాలో ఫుల్ చేతుల చొక్కాకు మామూలుగా 1.60 మీటర్లు పడితే, అర అంగుళం గళ్ళకు 1.80 తీసుకోండి. అంగుళం గళ్ళకు 1.90. దర్జీకి చెప్పాల్సినవి ఇవి. రెండు పొరలు వేసి ఒకేసారి కోయొద్దు, కింది పొర తెలియకుండా జరుగుతుంది. ఒక పొర కోసి, దాన్ని తిరగేసి గడి మీద గడి పెట్టి రెండోది కోయాలి. వెనక భాగం నడుమ గీత గడి మధ్యలో పడాలి, గడి అంచున కాదు. గుండీల పట్టీ రెండు వైపులా కలిసాక గళ్ళు తెగకుండా పారాలి. పక్క కుట్లలో కింది నుంచి చంక దాకా అడ్డ గీతలు కలవాలి. చేతికీ ముందు భాగానికీ గుండెల ఎత్తులో ఒక్క గీత కలిస్తే చాలు, చంక చుట్టూ కలవడం ఎవరి వల్లా కాదు, అడిగి విసిగించొద్దు. జేబును కలపలేనంటే క్రాస్‌గా కోయమనండి. అది తప్పించుకోవడమే, కానీ అందమైన తప్పించుకోవడం. వెనక భుజం ముక్క, కాలరు పట్టీ కూడా అలాగే.

జాకెట్టులో డార్ట్ (ఒంటికి అమరేలా వేసే మడత కుట్టు) పడ్డచోట గళ్ళు విరుగుతాయి, అందుకే అక్కడ అర పావు అంగుళం మించొద్దంటున్నాం. మెడకు అదే బట్ట క్రాస్ పట్టీతో పైపింగ్ వేయిస్తే సాదా నూలు చీర మీద వేరే నగ అవసరం ఉండదు. కుచ్చుల గౌనుకు మాత్రం గింగమ్ అంత సులువైన బట్ట లేదు. కుచ్చు కుట్టు గడి గీత వెంట నడిపితే గుర్తులు పెట్టకుండానే కుచ్చులు సమంగా వస్తాయి. కుచ్చుల మీద వేసే స్మాకింగ్ అల్లికకూ క్రాస్ కుట్టుకూ గళ్ళే గీతల కాగితం. అయిదేళ్ళ పిల్ల గౌనుకు 44 పన్నాలో ఒకటిన్నర మీటరు, గళ్ళు కలపడానికి ఇంకో పావు.

రెడీమేడ్ గౌన్లలో పక్క కుట్టు ఒక్కటి చూస్తే తయారీ ఏపాటిదో తెలిసిపోతుంది. అక్కడ గళ్ళు కలిస్తే మిగతావీ బాగానే ఉంటాయి.

ఇంట్లోకి వద్దాం. ఆరుగురు కూర్చునే 60, 36 అంగుళాల టేబుల్‌కు నాలుగు వైపులా 9 అంగుళాలు వేలాడితే తయారైన గుడ్డ 78, 54. అంచు మడతలకు రెండేసి అంగుళాలు కలిపితే 80, 56. అంటే 58 పన్నా సరిగ్గా సరిపోతుంది, ఉతికి కుదించాకే కోయాలి, పొడుగు 2.25 మీటర్లు కొనాలి. 44 పన్నా చేనేతైతే అతుకు తప్పదు. అతుకును టేబుల్ నడుమ వేయించొద్దు, నడుమ నిండు పన్నా పెట్టి రెండు పక్కలా సన్న ముక్కలు కలపాలి, కుట్టు తెల్ల గడి రంగు గడి కలిసే గీత మీద పడాలి. అలా పడితే వెతికినా దొరకదు. మడత కూడా గీత మీదే వేయించండి, అంచున సగం గడి మిగిలితే టేబుల్ వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. అదే బట్టతో నాప్కిన్లు వేయొచ్చు. 58 పన్నాలో ఒక మీటరుకు 16 అంగుళాలవి ఆరు వస్తాయి.

మన టేబుల్ మీద అసలు పరీక్ష పసుపు. పులుసు ఒలికిన తెల్ల గడి మీద సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుతుంది, కంగారు పడి బ్లీచింగ్ పోయకండి. పసుపు క్షారం తగిలితే ఎర్రబడడం సహజం, జాడిస్తే మళ్ళీ పచ్చగా అవుతుంది. ఉతికి తడిగా ఎండలో వేస్తే ఒక పూటలో మరక చాలావరకు పోతుంది. అంతలో బట్ట రంగుకు ఏమీ కాదు. బ్లీచింగ్ పోస్తే మరకతో పాటు రియాక్టివ్ రంగులు (దారంతో రసాయనికంగా కలిసిపోయేవి) అద్దిన గళ్ళు కూడా పోతాయి. ప్లాస్టిక్ పూత వేసిన గింగమ్ షీట్లు తుడిస్తే సరి అంటారు, కానీ వేడి గిన్నె పెడితే పూత ఉబ్బుతుంది, మడత పడ్డచోట పగులుతుంది. మేం మార్కులు వేయం.

కర్టెన్‌కు లెక్క ఇది. నాలుగడుగుల కిటికీకి 58 పన్నా పరదాలు రెండు వేస్తే రెట్టింపు కంటే కాస్త ఎక్కువ కుచ్చు వస్తుంది. అయిదడుగుల దిగుడుకు 60 అంగుళాలు, పై మడత 5, కింది మడత 6, కుదింపుకు 4. ఒక్కో పరదాకు 2 మీటర్లు కొంటే గళ్ళు కలపడానికి కూడా మిగులుతుంది. రెండు పరదాల పై అంచులు ఒకే రంగు గడితో మొదలవ్వాలి. ఒకటి తెలుపుతో, ఒకటి రంగుతో మొదలైతే కలిపినప్పుడు అడ్డ గీతలు మెట్లలా విరుగుతాయి. రాడ్డు అర అంగుళం వాలి ఉన్నా గళ్ళు చాటింపు వేస్తాయి, కాబట్టి పరదా తగిలించేముందు రాడ్డుకు లెవెల్ చూడండి. పడమటి ఎండ తగిలే కిటికీ ఒక్కదానికి మాత్రం పాలిస్టర్ కలిసిన గింగమే తీసుకోండి. నూలు అక్కడ వెలిసి, చిరుగు పడుతుంది. ఇది ఎక్కువ కాలం ఆగుతుంది, పెద్దగా కుదించుకోదు. అదే బట్ట ఒంటికి చెమట పీల్చదు, టేబుల్ మీద నూనె మరక వదలదు.

ఒకే గదిలో కర్టెన్, దిండు, టేబుల్ గుడ్డ మూడింటికీ ఒకే సైజు గడి వేస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకే రంగులో అంగుళం గడి ఒకచోట, పావు అంగుళం గడి ఇంకోచోట, మిగతాది సాదా తెలుపు. సోఫా కవర్లు గింగమ్‌తో వేయించొద్దు. కూర్చున్నచోట బట్ట సాగి గళ్ళు వంగుతాయి, లాగి సరిచేసినా నిలవవు. సోఫాకు గళ్ళు కావాలనుకుంటే 16 అంగుళాల దిండు గలేబులు రెండు చాలు. ముందు వైపు నడుమ గడి సరిగ్గా దిండు నడుమ పడేలా కోయించండి, జిప్పు కింది అంచున పెట్టించండి. పక్కన పెడితే ఆ వైపు గళ్ళు నలుగుతాయి.